ఊహ తప్పినా పరవాలేని తరగతి

విద్యాహక్కు చట్టంగా పేరుపడ్డ 2009 నాటి చట్టంలోని 29వ సెక్షన్, ఎనిమిదో తరగతి దాకా చదువు ఎలా సాగాలో చెబుతూ, ఒకే జాబితాలో రెండు మాటలను ఉంచింది. పిల్లలు కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, తమంతట తాము కనుక్కోవడం ద్వారా నేర్చుకోవాలన్నది మొదటి మాట. వారిని భయం నుంచి, మనసుకు తగిలే దెబ్బల నుంచి, ఆందోళన నుంచి తప్పించి, తమ అభిప్రాయాన్ని జంకు లేకుండా చెప్పగలిగేలా తోడ్పడాలన్నది రెండో మాట. చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది కానీ, ఆచరణలో ఈ రెండు మాటలూ దారులు విడిపోయాయి. మొదటిది సైన్స్ కిట్టుగా, ఏడాదికోసారి జరిగే విజ్ఞాన ప్రదర్శనగా మిగిలితే, రెండోది యోగా పీరియడ్‌గానో, ప్రార్థన తరువాత కళ్లు మూసుకుని కూర్చునే ఐదు నిమిషాలుగానో మారింది. నిజానికి ప్రాథమిక పాఠశాల వయసులో ఈ రెండింటినీ విడదీయడం సాధ్యం కాదు. తప్పు చెబితే నలుగురూ నవ్వుతారనే బెదురు ఉన్న పిల్ల ప్రయోగం చేయలేదు, చేసినా పక్కవాళ్ల నోటుపుస్తకంలోకి తొంగిచూసి ఫలితం రాసుకుంటుంది. అలాగే ఒక సంగతిని తన చేతులతో తేల్చుకున్న పిల్లకు కలిగే నిబ్బరం ఎంత మంచి ఉపన్యాసం విన్నా కలగదు.

ఇక్కడ రెండు పదాలకు అర్థం తేల్చుకోవడం అవసరం. కృత్యం అంటే చేతులకు పని చెప్పడం మాత్రమే కాదు. రంగు కాగితాలు కత్తిరించి అతికించడం ముచ్చటైన చేతిపనే అయినా, అందులో తేలవలసిన ప్రశ్న ఏదీ లేకపోతే అది విజ్ఞాన కృత్యం కిందికి రాదు. ఒక ప్రశ్న, దానికి ముందుగా వేసుకున్న ఊహ, ఆ ఊహను పరీక్షించే పని, కంటికి కనిపించినదాన్ని కనిపించినట్టే రాసుకోవడం, ఊహకూ ఫలితానికీ తేడా వస్తే ఎందుకొచ్చిందని మాట్లాడుకోవడం, ఇవన్నీ ఉన్నప్పుడే అది ప్రయోగం. ఇక పిల్లల క్షేమానికి విద్యా పత్రాల్లో శ్రేయస్సు, మానసికారోగ్యం, సామాజిక భావోద్వేగ అభ్యసనం వంటి బరువైన పేర్లున్నాయి గానీ, తెలుగు ఇళ్లలో ఉత్తరాలు రాసుకున్న కాలం నుంచి వాడుకలో ఉన్న 'కులాసా' అనే చిన్న మాటలో ఒంటి ఆరోగ్యం, మనసు నెమ్మది, చుట్టూ ఉన్నవాళ్లతో పొత్తు మూడూ ఇమిడి ఉన్నాయి. బడిలో పిల్లలు కులాసాగా ఉండడమంటే ఎప్పుడూ నవ్వుతూ ఉండడం కాదు. ఆకలి వేసినా, దిగులు కలిగినా, పాఠం అర్థం కాకపోయినా ఆ మాట పైకి అనగలగడం, అన్నప్పుడు వినేవాళ్లు ఉండడం.

చీకట్లో పెరిగిన మొలక

మూడు నుంచి ఐదో తరగతి వరకు ఉండే పరిసరాల విజ్ఞానంలో విత్తనం మొలకెత్తడం గురించిన పాఠం చాలా తరగతుల్లో ఒక బొమ్మతో, ఆ బొమ్మకు గీతలు గీసి రాసిన పేర్లతో పూర్తవుతుంది. ఇదే పాఠాన్ని రెండు గాజు గ్లాసులు, కొంచెం దూది, గుప్పెడు పెసలతో చేయిస్తే వారం రోజులు పడుతుంది, ఆ వారంలో జరిగేది మాత్రం బొమ్మలో ఇమిడేది కాదు. ముందురోజు రాత్రి నానబెట్టిన పెసలను తడి దూది మీద, గాజు గోడకు ఆనించి బయటికి కనపడేలా సర్ది, ఒక గ్లాసును కిటికీ దగ్గర, మరో గ్లాసును మూతపెట్టిన అట్టపెట్టెలో ఉంచి, రెండింటికీ సమానంగా నీళ్లు చల్లుతారు. ఏ గ్లాసులో మొలక ఎక్కువ పొడవు పెరుగుతుందో పిల్లలందరూ పెట్టె మూయకముందే తమ పుస్తకంలో రాసుకోవాలి. మొక్కకు ఎండ కావాలని ఇంట్లోనూ బడిలోనూ విని ఉన్నారు కాబట్టి, దాదాపు అందరూ కిటికీ దగ్గరి గ్లాసు పేరే రాస్తారు.

నాలుగైదు రోజుల తరువాత పెట్టె తెరిస్తే చీకట్లోని మొలకలే పొడవుగా కనిపిస్తాయి. అవి పాలిపోయి, లేత పసుపు రంగులో, సన్నగా, నిలవలేక పక్కకు ఒరిగి ఉంటాయి. కిటికీ దగ్గరివి వాటితో పోలిస్తే పొట్టిగా, కాడ గట్టిగా, ఆకులు విప్పుకుని పచ్చగా ఉంటాయి. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం పెసర వంటి మొక్కల్లో తయారుకావాలంటే వెలుతురు తప్పనిసరి. అది దొరకని మొలక, మట్టిలో లోతుగా పడిన గింజ ఎలా ప్రవర్తిస్తుందో అలాగే ప్రవర్తించి, పప్పుబద్దల్లో దాచుకున్న ఆహారాన్నంతా కాడను సాగదీయడానికే ఖర్చుచేస్తూ వెలుతురును వెతుక్కుంటుంది. ఆ నిల్వ అయిపోయేలోగా వెలుతురు అందకపోతే వాడిపోతుంది. పొడవు పెరగడం వేరు, బలంగా పెరగడం వేరు అన్న తేడా ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంతకంటే తేటగా చూపించే పాఠం మరొకటి దొరకడం కష్టం.

అయితే తరగతి మొత్తం ఊహ ఒకేసారి తప్పిన ఆ నిమిషంలో టీచరు ఏం చేస్తారన్నది మొలక కంటే ముఖ్యమైన విషయం. పెట్టె తెరవగానే సగంమంది చేతులు రబ్బరు కోసం వెతుకుతాయి, రాసిన ఊహను చెరిపి సరైన జవాబు రాసుకోవాలన్న తొందర వారిలో కనిపిస్తుంది. ఎర్ర సిరా చుట్టిన గుండ్రాల వల్ల, మార్కులు తగ్గిన జ్ఞాపకాల వల్ల ఏర్పడిన అలవాటు అది. పుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా మడిచి, ఎడమవైపు 'నేను అనుకున్నది', కుడివైపు 'నేను చూసింది' అని రాయించి, ఎడమవైపు రాసినదాన్ని చెరపకూడదన్న ఒక్క నియమం పెడితే, మూడు నాలుగు ప్రయోగాలకే ఆ తొందర తగ్గుతుంది. రెండు వైపులా ఒకటే రాసి ఉన్న పేజీ కంటే, రెండు వైపులా వేర్వేరుగా ఉన్న పేజీలోనే మాట్లాడుకోవడానికి ఎక్కువ ఉంటుందని పిల్లలు గ్రహిస్తారు. కళ్లు మూసుకుని మనసును తేలికపరచుకోమని చెప్పడం కంటే, తప్పిన ఊహకు పుస్తకంలో గౌరవమైన చోటు ఇవ్వడం ఆందోళనను తగ్గించే సూటి మార్గం.

ఆ తరువాతి ప్రశ్నలు పిల్లలే తెస్తారు. పాలిపోయిన మొలకను కిటికీలోకి మారిస్తే పచ్చబడుతుందా అని ఒకరు అడిగితే, ఒకటి రెండు రోజుల్లోనే పచ్చదనం రావడం కనిపిస్తుంది. గ్లాసును పక్కకు పడుకోబెడితే వేరు ఎటు పోతుందని మరొకరు అడిగితే, మర్నాటికే వేరు కొన వంపు తిరిగి కిందికి దిగడం గాజులోంచి తెలుస్తుంది. నీళ్లు ఎక్కువ పోసిన గ్లాసులో గింజలు కుళ్లి వాసన వేస్తాయి, ఆ రోజు నీళ్ల వంతు వచ్చిన పిల్లవాడు చిన్నబుచ్చుకుంటాడు. తరగతి అంతా కలిసి నీరు ఎక్కువైతే గింజకు గాలి అందదని తేల్చుకుని మళ్లీ నాలుగు పెసలు నానబెట్టినప్పుడు, ఆ పిల్లవాడి తప్పు తప్పుగానే ఉంటూ తరగతికి పనికొచ్చే సమాచారం కూడా అవుతుంది.

పారాణి రసాయనం

తెలుగు ఇళ్లలో శుభకార్యం అంటే పసుపులో సున్నం కలిపి పాదాలకు పారాణి పెట్టడం పిల్లలు చూసే దృశ్యమే. పసుపురంగు పొడిలో తెల్లటి సున్నం కలిపితే ఎరుపు ఎందుకు వస్తుందన్న ప్రశ్న మాత్రం బడిలో అరుదుగా వినిపిస్తుంది. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం క్షారాలతో కలిసినప్పుడు ఎరుపెక్కి, ఆమ్లం తగిలితే తిరిగి పసుపురంగుకు వస్తుంది. క్షారం అంటే సున్నపు నీరు, సబ్బు, వంటసోడా వంటి జారుడు గుణం ఉన్న పదార్థాలు, ఆమ్లం అంటే నిమ్మరసం, చింతపండు రసం వంటి పుల్లనివి అని ఈ వయసులో అర్థమైతే చాలు. తెల్ల కాగితాన్ని పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టి చిన్న ముక్కలుగా కత్తిరిస్తే ముప్ఫైమంది తరగతికి సరిపడే పరీక్షా పత్రాలు తయారవుతాయి. సబ్బునీరు తగిలినచోట ఎరుపు, ఆ ఎరుపు మీద నిమ్మచుక్క పడినచోట మళ్లీ పసుపు రావడాన్ని పిల్లలు పదేపదే చేసి చూస్తారు. తెల్ల చొక్కా మీద పడ్డ పులుసు మరక సబ్బు పెట్టగానే ఎర్రబడి, నీళ్లలో జాడించగానే పసుపురంగుకు తిరగడానికి కారణం ఇదేనని వాళ్లకు వాళ్లే చెప్పుకుంటారు. శంఖుపూలు, మందారాలు దొరికే ఊళ్లలో వాటి రసంతో ఇదే పరీక్షను మరో రంగుల వరుసలో చేయవచ్చు.

ఇదే గుణాన్ని చేతులు కడుక్కోవడం నేర్పడానికి వాడితే ఒక ఆరోగ్య సూత్రం పిల్లల కళ్లెదుట రుజువవుతుంది. చేతుల పరిశుభ్రత పాఠంలో ఇటీవల ఎక్కువగా కనిపించే ప్రదర్శన ఒకటుంది. పళ్లెంలో నీళ్లు పోసి మిరియాల పొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి అంచులకు పరుగెత్తడం చూపించి, సబ్బును చూసి క్రిములు ఇలాగే పారిపోతాయని చెబుతారు. ప్రదర్శన అందంగానే ఉంటుంది, చెప్పిన కారణమే నిజం కాదు. నీటి పైపొర సాగదీసిన పల్చని తెర మాదిరి బిగువుగా ఉండే గుణాన్ని తలతన్యత అంటారు. సబ్బు తగిలినచోట ఆ బిగువు సడలి, చుట్టూ ఉన్న నీటి పైపొర వెనక్కి లాక్కుపోతూ తనతోపాటు పొడిని కూడా లాక్కుపోతుంది. చేతి మీది క్రిములకు అలా పారిపోయే శక్తి లేదు, రుద్ది కడిగితేనే అవి పోతాయి. పిల్లలకు నచ్చుతుంది కదా అని తప్పు కారణం చెప్పడం, వేలు అలా ముంచి తీస్తే చాలన్న తప్పు అలవాటుకు కూడా దారితీస్తుంది.

దానికి బదులు, అర చెంచా నూనెలో చిటికెడు పసుపు కలిపి చేతులకు పట్టించి, మొదట ఉత్త నీళ్లతో కడగమంటే జిడ్డూ పసుపూ రెండూ అలాగే అంటుకుని ఉంటాయి. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, మరో కొస జిడ్డును పట్టుకునే గుణం ఉండడం వల్ల, సబ్బుతో రుద్దినప్పుడే జిడ్డు విడివడి నీళ్లలోకి వస్తుంది. బట్టల సబ్బు, మామూలు స్నానపు సబ్బు బిళ్లలు క్షార గుణం ఉన్నవి కాబట్టి, సరిగా రుద్దని చోట మిగిలిన పసుపు ఎరుపెక్కుతుంది. వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో, బొటనవేలి మొదట్లో ఆ ఎరుపు జాడలు కనిపించినప్పుడు, ఎక్కడ కడగడం మరిచిపోతున్నారో ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఎవరికి వారికే తెలుస్తుంది. కనీసం 20 సెకన్లు రుద్దాలన్న నియమం అప్పుడు టీచరు మాటగా కాక, తాము లెక్కపెట్టి తేల్చుకున్న సంగతిగా నిలుస్తుంది. మధ్యాహ్న భోజనం గంటకు ముందు ఈ కృత్యం పెట్టుకుంటే, నేర్చుకున్నది పది నిమిషాల్లోనే వాడుకలోకి వస్తుంది.

మణికట్టు మీద అగ్గిపుల్ల

తన శరీరంలో ఏం జరుగుతోందో తెలియకపోవడం పిల్లల భయాలకు ఒక పెద్ద మూలం. పరుగెత్తినప్పుడు గుండె దడదడలాడితే ఎవరికీ దిగులుండదు. అదే దడ పరీక్ష ముందు, లేదా హెడ్మాస్టరు గది ముందు వస్తే తనకేదో అయిపోతోందనిపిస్తుంది. ఈ రెండు దడలూ ఒకే గుండెవని చూపించే పరికరం ఒకటుంది, దాని ఖరీదు దాదాపు శూన్యం. బఠాణీ గింజంత చపాతీ పిండి ముద్దలో మందు తీసేసిన అగ్గిపుల్లను నిలువుగా గుచ్చి, ఆ ముద్దను బొటనవేలి కిందుగా మణికట్టు మీద నాడి తగిలేచోట ఆనిస్తే, ప్రతి కొట్టుకకూ పుల్ల కొన చిన్నగా ఊగుతుంది. చేతిని బల్ల మీద కదపకుండా ఉంచి, ఊపిరి బిగబట్టకుండా, పుల్ల కొన మీదే చూపు నిలిపితే తప్ప ఆ కదలిక కనిపించదు. ఎంత అల్లరి తరగతి అయినా ఆ రెండు నిమిషాలూ సద్దుమణుగుతుంది, నిశ్శబ్దంగా ఉండమని ఎవరూ అనకుండానే.

జతలో ఒకరు పుల్ల ఊగడాన్ని లెక్కపెడితే మరొకరు గడియారం చూసి అర నిమిషం చెబుతారు, వచ్చిన అంకెను రెండుతో హెచ్చవేస్తే నిమిషానికి నాడి ఎంతో తెలుస్తుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు కూర్చుని ఉన్నప్పుడు అది నిమిషానికి సుమారు 70 నుంచి 110 మధ్య ఉంటుంది. ఆ తరువాత వరండాలో రెండు నిమిషాలు తొక్కుడుబిళ్ల ఆడి వచ్చి లెక్కపెడితే అంకె ఎంత పెరిగిందో, కూర్చున్న మూడు, ఐదు నిమిషాల తరువాత ఎంత దిగిందో రాసుకుని, పదేసి కొట్టుకలకు ఒక చింతగింజ చొప్పున నేల మీద వరుసలు పేర్చితే అది వారి మొదటి పటం అవుతుంది. కొందరి వరుస పొడవుగా, కొందరిది పొట్టిగా ఉండడం చూసి ఎవరు గెలిచారని అడగడం సహజమే. ఇందులో గెలుపు లేదని, ఒకే తరగతిలో ఆరోగ్యంగా ఉన్న పిల్లల నాడి కూడా ఒకేలా ఉండదని ఆ వరుసలే చూపుతాయి.

ఊపిరి కృత్యానికి అసలైన చోటు ఇది. వేడి అన్నం ముద్ద మీద మెల్లగా ఊదినట్టు, పీల్చిన దానికంటే ఎక్కువసేపు గాలి వదలమని చెప్పి, అప్పుడు కూడా పుల్లను గమనించమంటే, గాలి వదిలేటప్పుడు ఊగడం కొంచెం నెమ్మదించడం ఓపిగ్గా చూసే పిల్లలకు కనిపిస్తుంది. మెదడు నుంచి గుండె దాకా సాగే వేగస్ అనే నాడి, ఊపిరి వదిలే సమయంలో గుండె వేగాన్ని తగ్గించడమే దీనికి కారణం. పిల్లల గుండెల్లో ఈ హెచ్చుతగ్గులు పెద్దల్లో కంటే స్పష్టంగా ఉంటాయి. దీర్ఘంగా ఊపిరి వదిలితే నెమ్మది కలుగుతుందన్న మాటను నమ్మమని అడగనక్కర్లేదు. తమ మణికట్టు మీద తాము చూసిన సంగతి కాబట్టి, గుబులు పుట్టినప్పుడు అది గుర్తుకొచ్చే అవకాశం ఎక్కువ.

చెప్పింది నమ్మడానికీ, తామే చూసి తెలుసుకోవడానికీ మధ్య ఉన్న ఈ తేడాను పట్టించుకోవడానికి బలమైన కారణం ఉంది. దిల్లీ ప్రభుత్వం 2018 జులైలో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి వరకు ప్రత్యేక పీరియడ్‌తో ఆనంద పాఠ్యప్రణాళికను ప్రవేశపెట్టింది, ధ్యానం, కథలు, కృత్యాలు కలిసిన ఆ ప్రయత్నం పిల్లల మనసుకు బడి వేళల్లో చోటు కల్పించిన పెద్ద అడుగు. మరోవైపు బ్రిటన్‌లో సుమారు 85 పాఠశాలల్లో, 8 వేలకు పైగా విద్యార్థులతో జరిపి 2022లో ఫలితాలు ప్రకటించిన అధ్యయనంలో, ధ్యాన శిక్షణ పొందిన పిల్లలకూ మామూలు పాఠాలతో సాగిన పిల్లలకూ మానసికారోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అందులోని పిల్లలు 11 నుంచి 14 ఏళ్లవారు కాబట్టి, ఆ ఫలితాన్ని ప్రాథమిక తరగతులకు యథాతథంగా అన్వయించకూడదు. అయినా విడిగా ఒక పీరియడ్ కేటాయించి, మిగతా రోజంతా భయం మీద నడిపే బడిలో ఆ పీరియడ్ ఏం సాధించగలదన్న ప్రశ్న ఏ వయసు పిల్లల విషయంలోనైనా వేసుకోదగ్గదే.

బెంగకూ అలకకూ పేర్లు

భావాలను గుర్తించి పేరు పెట్టించడం ఇప్పుడు చాలా బడుల్లో కృత్యంగా మారింది, గోడ మీద నాలుగు గుండ్రటి ముఖాల బొమ్మలు అతికించి హ్యాపీ, శాడ్, యాంగ్రీ, స్కేర్డ్ అని రాసి, పొద్దున రాగానే పిల్లలను తమ ముఖం చూపించమంటున్నారు. ఆలోచన మంచిదే. అమెరికాలో లాస్ ఏంజెలిస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక ముఖంలోని భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులో అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగంలో చలనం తగ్గినట్టు తేలింది. అయితే పేరు పెట్టడంలోనే మేలు ఉన్నప్పుడు, ఆ పేరు పిల్లల నోట ఆడే మాటై ఉండాలి. తెలుగులో అమ్మ ఊరెళ్తే కలిగేది బెంగ, కారణం తెలియకుండా మనసు బరువెక్కితే దిగులు, ఏదో జరగబోతోందన్నది గుబులు, ఓడిపోయి ఏడుపు ఆపుకుంటే ఉక్రోషం, దగ్గరివాళ్ల మీద మాత్రమే చూపేది అలక, కొత్తవాళ్ల ముందు నోరు రాకపోతే జంకు. ఇన్ని సన్నని తేడాలు ఇంట్లో రోజూ వినే పిల్లలకు, బడి నాలుగు అరువు మాటలిచ్చి సరిపెట్టుకోమనడం అన్యాయం.

ఈ మాటలను చీటీల మీద రాసి డబ్బాలో వేసి, తీసిన చీటీలోని భావం ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో నేల మీద సుద్దముక్కతో గీసిన మనిషి బొమ్మలో చూపించమనే ఆటలో, ఉక్రోషం గొంతులో, గుబులు కడుపులో, జంకు అరచేతుల్లో అని పిల్లలు చెప్పే జవాబులు శరీర పాఠంలోకే దారితీస్తాయి. కడుపుకూ మెదడుకూ నాడుల ద్వారా సంబంధముందని, భయంలో అరచేతుల చెమట గ్రంథులు చురుకవుతాయని చెప్పడానికి అంతకంటే తగిన సందర్భం ఉండదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఎవరి కథనూ బలవంతంగా చెప్పించకూడదు, ఇంట్లో జరిగిన సంగతిని తరగతి ముందు విప్పమనకూడదు, కళ్లు మూసుకోవడం ఇష్టం లేనివారిని తెరుచుకునే ఉండనివ్వాలి. టీచరు వైద్యులు కారు. పిల్లలు హింసకు గురవుతున్నారన్న అనుమానం ఉంటే 1098 బాలల సహాయ నంబరుకు, మానసిక సాయం అవసరమనిపిస్తే తల్లిదండ్రులతో మాట్లాడి 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నంబరుకు దారి చూపడం వారి బాధ్యత.

తొక్కిన దారి

చేతులతో చేసి నేర్చుకోవడం ఈ దేశపు ప్రభుత్వ బడులకు కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలుపెట్టిన విజ్ఞాన బోధన కార్యక్రమంలో, పాఠ్యపుస్తకం జవాబులు చెప్పేది కాదు, ప్రయోగం చేయించి ప్రశ్న అడిగి ఆగిపోయేది. పరీక్షకు పుస్తకం వెంట తెచ్చుకోవడానికి వీలుండేది, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ పనిని వందలాది బడులకు విస్తరించగా, 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. ముప్ఫై ఏళ్ల పాటు మామూలు ప్రభుత్వ ఉపాధ్యాయులు నడిపి చూపించిన కార్యక్రమం అలా ముగిసిపోవడం దేశ విద్యా చరిత్రలో పూడని లోటు. ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి వచ్చి చేరింది ఆ కార్యక్రమంలోనే. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలను కలిపి ఆయన చేసిన నమూనాల్లో చతురస్రం నొక్కితే ఒరిగిపోతుంది, త్రిభుజం ఒరగదు, వంతెనలకూ పందిళ్లకూ ఏటవాలు కర్ర ఎందుకు కడతారో మూడో తరగతి పిల్లలకు అర్థమవుతుంది. చెత్తతో బొమ్మలు చేసే ఆ కృషికి 2018లో పద్మశ్రీ వచ్చింది.

1999లో మొదలై, తెలుగు నేల మీద కుప్పం దగ్గర ప్రాంగణం ఏర్పరచుకున్న అగస్త్య ఫౌండేషన్, ప్రయోగ సామగ్రిని వ్యాన్లలోనూ మోటారు సైకిళ్ల మీదా పల్లె బడులకు తీసుకెళ్లింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ విద్యాసంస్థ, చుట్టుపక్కల ఊళ్లలో ఒకే గదిలో ఐదు తరగతులు సాగే బడుల కోసం, ఎవరి వేగంతో వారు ముందుకు వెళ్లేలా అభ్యాస కార్డులను రూపొందించింది. జనవిజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రికతో, అదే పేరుతో నడిపే పోటీలతో ఊరూరా పిల్లలకు విజ్ఞానం పట్ల మక్కువ కలిగించింది.

ఇంత దారి ఉన్నా తరగతి గదిలో ప్రయోగం అరుదుగానే జరగడానికి కారణాలు డబ్బులో లేవు. కిట్టు పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో అది బీరువాలో తాళం కింద ఉంటుంది, భయం పిల్లలతో ఆగదు, పెద్దలనూ పట్టుకుంటుంది. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసే బడిలో గందరగోళం తప్పదన్న సంశయం ఉంటుంది. సామాన్లు తెచ్చేవారు, రాసేవారు, గడియారం చూసేవారు, శుభ్రం చేసేవారు అని వంతులు వేసి వారం వారం మారుస్తూ, పెద్ద తరగతి పిల్లలను చిన్నవాళ్లతో జతచేస్తే ఆ సంశయం చాలావరకు తీరుతుంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికల్లా చదవడం, లెక్కలు చేయడం రావాలన్న లక్ష్యంతో భాషకూ గణితానికీ సమయం పెంచడం న్యాయమే. ఆ సమయాన్ని ప్రయోగాల నుంచి కోసి ఇవ్వడం మాత్రం పొరపాటు, చింతగింజల వరుసలో లెక్క ఉంది, 'నేను చూసింది' అని రాసిన నాలుగు వాక్యాల్లో భాష ఉంది.

ఈ పనులన్నింటికీ తగిన ముగింపుగా ఆగస్టు మొదటి వారంలో హైదరాబాదు బడులకు ఒక ఆకాశ ప్రయోగం దొరుకుతుంది. ఏడాదిలో రెండు రోజులు, మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం సూర్యుడు నగరానికి సరిగ్గా నడినెత్తిన నిలిచి, నిటారుగా పాతిన కర్రకు నీడ లేకుండా పోతుంది, మే నెలలో బడికి సెలవులు కాబట్టి పిల్లలకు మిగిలేది ఆగస్టు. గడియారం 12 గంటలు కాక సుమారు 12 గంటల 22 నిమిషాలు చూపేటప్పుడు ఇది జరుగుతుంది, దేశమంతటికీ ఒకే సమయాన్ని నిర్ణయించిన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుండగా, హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమరగా ఉండడమే ఆ ఆలస్యంలో పెద్ద భాగానికి కారణం. జులై చివరి వారం నుంచే పిల్లలు సూర్యుడి వైపు చూడకుండా, మీటరు పొడవున్న కర్ర నీడ కొనను మాత్రమే రోజూ అదే సమయానికి సుద్దముక్కతో గుర్తు పెడితే, దక్షిణంగా పడే ఆ నీడ రోజుకు సుమారు అర సెంటీమీటరు చొప్పున కురచవుతూ వస్తుంది, ఆగస్టు 3 దాటాక ఉత్తరంగా పడడం మొదలవుతుంది. వానాకాలం కాబట్టి ఆ రోజు మబ్బు పట్టే అవకాశం ఎక్కువ. అప్పుడు పేజీ ఎడమవైపు 'నీడ ఉండదు' అన్న ఊహ ఉంటుంది, కుడివైపు తేదీ, వేళ రాసి 'మబ్బు' అని రాస్తారు, మర్నాడు ఎండ కాస్తే నీడ ఎటు పడిందో చూడడానికి 12 గంటలకే కర్ర చుట్టూ చేరతారు.